ఆ ఒక్క ‘ట’

నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు. ఎక్కువే, కాదనను. ఆ నోరే లేకపోతే మూడంతస్తుల భవనం కింద, మెట్ల పక్క గదిలో ఇన్నేళ్ళు కుట్టుమిషను నడిపేదాన్నా? ‘రేపటికల్లా కావాలి’ అంటూ గుడ్డలు నెత్తిన పడేసి పోయేవాళ్ళని ఆపాలంటే నోరు కావాలి. కొలతలిచ్చి వెళ్ళాక ఒళ్ళు చేసి, బిగుతుగా కుట్టావని నా మీద ఎగిరేవాళ్ళకి సమాధానం చెప్పాలన్నా నోరు కావాలి.

అయితే ఆ పెయింటరు మీద నేను నోరు చేసుకోవడానికి వేరే కారణం ఉంది. మెట్లకీ రెయిలింగుకీ నీలం రంగు వేయడానికి వచ్చాడు. వచ్చిన రోజే నిచ్చెన తెచ్చి నా గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. మర్నాడు నేను కుట్టి, ఇస్త్రీ చేసి, తలుపుకి తగిలించిన తెల్లటి కర్టెన్ల మీద రంగు చిలకరించాడు. “గోడకి వేస్తున్నావా, ఊరికంతా వేస్తున్నావా?” అని అరిచాను. “కర్టెన్లు కూడా గోడ మీదే కదక్కా వేలాడేది” అని పళ్ళికిలించాడు. ఒళ్ళు మండిపోయింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మెట్లెక్కి దిగే ప్రతివాళ్ళకీ నేను వాడి గురించి చెప్పాను, వాళ్ళు అడిగినా అడక్కపోయినా.

ఆ వారంలోనే రెండో అంతస్తు మామ్మగారు మెట్ల మీద పడిపోయారు. పొద్దున్నపూట. నేను మిషను మీద ఉన్నాను. దభీమని చప్పుడు, వెంటనే రంగు బకెట్టు మెట్టు మెట్టుకీ మోగుతూ దొర్లుకొచ్చిన చప్పుడు. కాలు తీసి, గుడ్డ వదిలించుకుని బయటికొచ్చేసరికే జనం పోగయ్యారు. మామ్మగారు మలుపు దగ్గర పడి ఉన్నారు. పై అంతస్తులో ఉండే రిటైరైన హెడ్మాస్టరుగారు ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పెయింటరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతుల నిండా రంగుతో. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అంబులెన్సు వచ్చి మామ్మగార్ని తీసుకెళ్ళింది. వెనకే ఆసుపత్రికి బయల్దేరుతూ ఆవిడ కోడలు నా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది.

“చూశావా అక్కా, ఆ పెయింటరు మా అత్తయ్యని తోసేశాడట!”

“అయ్యో! ఎవరు చెప్పారే?”

“ఎవరో తోసినట్టు అత్తయ్యే చెప్పిందట హెడ్మాస్టరుగారితో. మెట్ల మీద వీడు తప్ప ఇంకెవరున్నారు?”

సాయంత్రానికి పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. మర్నాడు పొద్దున్న నన్ను స్టేషనుకి రమ్మన్నారు.

స్టేషనంటే ఏదో అనుకుంటాం గానీ మామూలు గదే. పొడుగాటి బల్ల, కాళ్ళు సరిగ్గా ఆనని రెండు కుర్చీలు, ఎవరి దగ్గరో పట్టుకొచ్చిన సైకిళ్ళు కిటికీ కింద కుప్ప. ఇన్‌స్పెక్టరుకి నలభై ఏళ్ళుంటాయి. విపరీతమైన జలుబుతో ఉన్నాడు, రుమాలు చేతిలోంచి దింపడం లేదు. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి పక్కన రైటరు ఉన్నాడు.

నాకంటే ముందు హెడ్మాస్టరుగారి వంతు వచ్చింది. “రండి సార్, కూర్చోండి. మీరు ఏం చూశారో కాస్త చెప్తారా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం చెప్తున్నట్టు, “నేను అక్కడికి చేరుకునేసరికే ఆమె పడి ఉన్నారు. వెనుక నుండి ఎవరో తోసినట్లు ఆమె చెప్పారు” అన్నారు. రైటరు అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు. “చాలా థాంక్స్ సార్, మీకు శ్రమ ఇచ్చాం” అని ఇన్‌స్పెక్టరు గుమ్మం దాకా సాగనంపాడు.

తర్వాత నేను. “ఏమ్మా, టైలరువి నువ్వేనా? ఇలా రా.”

కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమనలేదు. నేనే లాక్కుని కూర్చున్నాను.

మూలన నేల మీద పెయింటరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కానిస్టేబులొకడు “ఒరేయ్, కాళ్ళు ముడుచుకోరా” అన్నాడు. హెడ్మాస్టరుగారికి మీరు, నాకు నువ్వు, వాడికి ఒరేయ్. ఒకటే గది. ఇంకా ఎవరూ ఏ తప్పూ తేల్చలేదు, కానీ ఎవరెక్కడ ఉండాలో అప్పుడే తేలిపోయింది.

“చెప్పమ్మా. నిన్న ఏం జరిగింది?”

“ఏముంది సార్, మామ్మగారు మెట్ల మీద పడిపోయారు. పెయింటరు తోసేశాడట.”

రైటరు గబగబా రాసి, పైకి చదివాడు. “‘సదరు పెయింటరు వృద్ధురాలిని మెట్లపై నుండి తోసివేసినాడు.’ ఇక్కడ సంతకం పెట్టమ్మా.”

కలం అందుకున్నాను. పెట్టబోయి ఆగాను.

“ట ఏది బాబూ?”

“టీయా? వస్తుందమ్మా, చెప్పాం.”

“టీ కాదయ్యా, ట! నేను తోసేశాడట అన్నాను. మీరు తోసివేసినాడు అని రాశారు.”

రైటరు నా వంక జాలిగా చూశాడు. “రాతలో అట్లాంటివి ఉండవమ్మా. ట అనేది ఊరికే మాట్లాడుకునే భాష.”

“మరి నేను మాట్లాడానే గానీ రాయలేదుగా?”

ఇన్‌స్పెక్టరు ముక్కు చీది తలెత్తాడు. “ఒక్క అక్షరానికి ఏంటమ్మా ఈ గొడవ? తోశాడనేగా నువ్వు చెప్పింది?”

“కాదు సార్. తోశాడని అన్నారని చెప్పాను.”

“రెండూ ఒకటే.”

“ఒకటెలా అవుతాయి సార్? ట ఉంటే నేను విన్నానని. ట లేకపోతే నేను చూశానని. నేను చూళ్ళేదు. లోపల మిషను తొక్కుకుంటున్నాను. మా మెట్ల మీద రోజూ ఎన్ని మాటలు వస్తాయో మీకేం తెలుసు? ఆ ట అన్నది లేకపోతే మా వీధిలో సగం మందిని మీరు ఈపాటికి లోపలేసి ఉండేవాళ్ళు!”

కానిస్టేబులు నవ్వబోయి దగ్గాడు. ఇన్‌స్పెక్టరుకి నవ్వు రాలేదు. బల్ల మీదికి వంగి, “నీకూ వాడికీ అసలు పడదట కదా? ఇవాళేంటి వెనకేసుకొస్తున్నావ్?” అన్నాడు.

“అదిగో! ఇప్పుడు మీరూ అన్నారు.”

“ఏమన్నాను?”

“పడదట అన్నారు. ఎవరో చెప్తే విన్నారు, మీ కళ్ళతో చూళ్ళేదు, అందుకని ట వేశారు. మీ మాటకి మీరు వేసుకోవచ్చు, నా మాటకున్నది మాత్రం పీకేస్తారా?”

మా ఆయన పక్కనుంటే నా మోచెయ్యి గిల్లేవాడు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. జలుబు వల్ల ఎరుపో, నా వల్ల ఎరుపో తెలియదు.

“చూడమ్మా, నీ ట తో నాకు పనే లేదు. మామ్మ స్వెట్టరు మీద వాడి పది వేళ్ళ రంగూ ఉంది. పైగా వాడే ఒప్పుకున్నాడు. ఒరేయ్, నిన్న నాతో ఏమన్నావ్రా? మళ్ళీ చెప్పు.”

పెయింటరు తల వంచుకునే, “నా వల్లే పడింది సార్” అన్నాడు.

“విన్నావా?”

విన్నాను. అయితే నిజంగానే తోశాడా వెధవ? “కానీ సార్, నేను ఆవిడతో…” అని వాడు ఇంకేదో అనబోయాడు. “అడిగినదానికే చెప్పు!” అని కసిరాడు ఇన్‌స్పెక్టరు. కర్టెన్ల విషయంలో నాతో అంత వాగినవాడు అక్కడ ఒక వాక్యం పూర్తి చేయలేకపోయాడు.

“ట పెడితే సంతకం పెడతాను” అని కలం బల్ల మీద పెట్టేశాను.

“పెట్టకపోయినా మాకేం నష్టం లేదమ్మా. సాయంత్రం వాణ్ణి కోర్టుకి పంపేస్తున్నాం. అక్కడ్నుంచి జైలే. నువ్వెళ్ళిరా.”

బయట మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఒళ్ళో అన్నం డబ్బాతో. పెయింటరు తల్లి అని కానిస్టేబులు చెప్పాడు. డబ్బా లోపలికి పంపనివ్వలేదట. నన్ను చూసి లేచి నిలబడింది.

“నువ్వు కింద టైలరమ్మవి కదూ? నా కొడుకు ఆవిణ్ణి తోసేశాడటమ్మా. అందరూ అంటున్నారు. నిజమేనా తల్లీ?”

“నాకు తెలియదమ్మా. నేను చూళ్ళేదు” అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు చాలాసేపు. ఆ మాట అన్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇంటికి నడుస్తూ దారంతా అదే ఆలోచించాను. వాడంటే నాకు గిట్టదు, ఇప్పటికీ గిట్టదు. గిట్టదు కాబట్టే భయం వేసింది. వాణ్ణి నేను నిచ్చెన గురించి తిట్టాను, కర్టెన్ల గురించి తిట్టాను. ఆ తిట్లు నావి, వాటికి పూచీ నాది. కానీ తోశాడన్న మాట నాది కాదు. ఆ మాట మీద నా పేరేసి వాణ్ణి జైలుకి పంపిస్తే, రేపు మిషను మీద కూర్చుని నేను ఏ మొహంతో కుట్టుకుంటాను?

అంతలో కోడలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. మామ్మగారి చెయ్యి విరిగిందనీ, నిన్న ఆపరేషన్ అయ్యాక మత్తులోనే ఉన్నారనీ, ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నారనీ చెప్పింది. చేతికి కట్టు ఉండటం వల్ల ఇంట్లో ఉన్న గౌన్లేవీ పట్టడం లేదట. ముందు బొత్తాలున్నది ఒకటి కావాలంది. నా దగ్గరున్న వదులు గౌను ఒకదాన్ని ముందువైపు చీల్చి, చెయ్యి సందు పెద్దది చేసి, బొత్తాలు కుట్టి, నేనే పట్టుకెళ్ళాను.

వార్డు గుమ్మంలోనే ఇన్‌స్పెక్టరు గొంతు వినపడింది. రైటర్ని వెంటబెట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. మామ్మగారికి చెవుడని ఎవరో చెప్పినట్టున్నారు, గట్టిగా అరుస్తున్నాడు. ఆవిడకి చెవులు శుభ్రంగా వినపడతాయి. వినపడనిది కోడలు పిలిస్తేనే.

“మామ్మా! నిన్నెవరు తోశారు?”

“ఆఁ?” మామ్మగారి కళ్ళు సగమే తెరుచుకున్నాయి.

“పెయింటరేనా? పెయింటరు ఉన్నాడా అక్కడ?”

“పెయింటరా… ఆ అబ్బాయి ఉన్నాడుగా.”

రైటరు రాసుకున్నాడు.

“ముందు నుంచి తోశాడా, వెనక నుంచా?”

“వెనక నుంచే బాబూ, వెనక నుంచి…”

రైటరు అదీ రాసుకున్నాడు. నేనిక ఆగలేకపోయాను. గౌను కోడలి చేతిలో పడేసి లోపలికి దూసుకెళ్ళాను.

“ఎవరు తోశారని అడిగితే ఎవరో ఒకరు తోయాల్సిందేగా సార్! రంగు ఎర్రదా పచ్చదా అనడిగితే నీలం అని ఎవరంటారు? ఏం జరిగిందో అడగండి. ఒక్కసారి!”

“నువ్విక్కడికీ తయారయ్యావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గట్టిగానే అనబోయాడు గానీ మధ్యలో తుమ్ము వచ్చింది. ఒకదాని వెనక ఒకటి వరసగా తుమ్మి, నీరసంగా పక్క మంచం కొసన కూలబడ్డాడు. “సరే తల్లీ. నువ్వే అడుగు.”

నేను మంచం దగ్గరగా స్టూలు లాక్కున్నాను. “మామ్మగారూ, నేను. కింద టైలర్ని. నిన్న మెట్ల మీద ఏమైంది?”

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. మొహం కాస్త విప్పారింది.

“ఏమవుతుందే… పొద్దున బీపీ మాత్ర వేసుకోలేదు. కోడలికి చెప్పకు. దిగుతుంటే ఆ అబ్బాయి, ‘మామ్మా, రెయిలింగు పట్టుకోకండి, రంగు పచ్చిగా ఉంది’ అన్నాడు. నేను చెయ్యి తీసేశాను. తీశానో లేదో కళ్ళు తిరిగాయి. ఎవరో వెనక నుంచి తోసినట్టయింది. అంతే.”

“వెనక నిజంగా ఎవరన్నా ఉన్నారా?”

“నా వెనక ఎవరుంటారే? ఆ అబ్బాయి నాకంటే కింద మెట్ల మీదున్నాడు. బకెట్టు వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు, పాపం, వాడివల్లా కాలేదు. వాడే లేకపోతే నేను తిన్నగా నీ కొట్లోకొచ్చి పడేదాన్ని.”

ఇన్‌స్పెక్టరు లేచి దగ్గరికొచ్చాడు. ఈసారి అరవలేదు. “ఎవరో తోసినట్టయింది అన్నావు కదా మామ్మా?”

“కళ్ళు తిరిగితే నీకెలా ఉంటుంది నాయనా?”

“ఎలా ఉంటుంది… గిర్రున తిరిగి, ఎవరో తోసి…” అని ఆగిపోయాడు. తర్వాత రైటరుతో, “అది కొట్టెయ్. మొదట్నుంచీ రాయి. ఆవిడ ఎలా చెప్తే అలా రాయి” అన్నాడు.

తలుపు దగ్గర కోడలు గౌను రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. నా వంక చూడలేదు.

మాట ఎంత దూరం నడిచిందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. మామ్మగారు ‘తోసినట్టయింది’ అన్నారు. హెడ్మాస్టరుగారు ‘తోసినట్లు చెప్పారు’ అన్నారు. ఆయనా అబద్ధమాడలేదు. ఆయన బడి తెలుగులో ఆవిడ కళ్ళు తిరగడం కాస్తా ఆవిడ ఫిర్యాదు అయి కూర్చుంది. కోడలి దగ్గరికొచ్చేసరికి ‘నట్టు’ ఊడిపోయి ‘తోసేశాడట’ మిగిలింది, ఎవరో పోయి పెయింటరు వచ్చాడు. అదే నా నోట్లోంచి బయటికొచ్చింది. రైటరు దగ్గర చివరికి ఆ ట కూడా రాలిపోయింది. ఇంతమందిలో ఒక్కరు కూడా వాడి మీద పగబట్టలేదు. పగ ఉందంటే నాకే ఉంది, కర్టెన్ల పగ. ఇక వాడు ‘నా వల్లే పడింది’ అన్నాడంటే, రెయిలింగు పట్టుకోవద్దన్నది తనే కదా అని కుమిలిపోయి అన్నాడు. మంచీ చెడూ తెలిసిన మనిషి ఎవడైనా అదే అంటాడు. స్టేషన్లో అనకూడదని వాడికేం తెలుసు?

నేను స్టేషను దాకా వాళ్ళ వెంటే వెళ్ళాను. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని అనే ఓపికా ఎవరికీ లేదు.

“ఒరేయ్, లే. వెళ్ళు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెయింటరు లేచాడు గానీ కదల్లేదు. “ఎక్కడికి సార్?”

“ఇంటికి. మామ్మ చెప్పింది. నువ్వు పట్టుకున్నావని చెప్పింది.”

వాడు గోడకి చెయ్యి ఆన్చాడు. “ఆవిడ బాగానే ఉందా సార్?” అనడిగాడు. “చెయ్యి విరిగింది. మాట్లాడుతోంది” అన్నాను నేను. ఊపిరి పీల్చుకుని తలూపాడు. వాడి మీద కోపం ఉండాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది, దాన్ని ఎవరికీ కనపడనివ్వలేదు.

బయట మెట్ల మీద తల్లి ఇంకా ఆ డబ్బాతోనే కూర్చుని ఉంది. కొడుకుని చూసి లేచింది, కానీ ముందుకు రాలేదు. వాడి వెనకున్న యూనిఫాం వైపే చూసింది. ఇన్‌స్పెక్టరు గుమ్మం దాకా వచ్చి, రుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని, “మీవాడు తోయలేదటమ్మా. తీసుకెళ్ళు” అన్నాడు.

నేను నోరు తెరిచాను. అంత గొడవ జరిగింది, ఆఖరికి దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాడు మహానుభావుడు! అన్నానని ఆయనకే తెలిసినట్టు లేదు. కానీ నాకంటే ముందు ఆవిడే అడిగింది. గొంతు కూడా పెంచలేదు.

“తోయలేదట అంటే ఏంటి బాబూ? ఎవరో అన్నారనా? అందరూ అనేవాళ్ళే. మీరు చెప్పండి. నా కొడుకు తోశాడా, తోయలేదా?”

ఇన్‌స్పెక్టరు రుమాలు దింపాడు. నా వంక ఒకసారి, పెయింటరు వంక ఒకసారి చూశాడు.

“తోయలేదమ్మా” అన్నాడు.

పొద్దున నన్ను అడిగినప్పుడు కూడా ఒక్క చుక్క కన్నీరు పెట్టని ఆ మనిషి, డబ్బా పక్కన పెట్టి, అదే మెట్టు మీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది.